నలభై రెండో సలహా

మా ఆవిడ హైమవతి చీలమండ విరిగింది కాబట్టి నేను కారు కొన్నాను. కారు కొన్నాను కాబట్టి ప్రభుత్వానికి నా మీద దయ కలిగింది. తర్వాత జరిగిందంతా ఆ దయ వల్లే జరిగింది తప్ప ఇందులో ఎవరి తప్పూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

హైమవతి టీచరు. మా టౌనుకి ఇరవై రెండు కిలోమీటర్ల అవతల, కాలవగట్టు చివర ఆవిడ బడి. పదకొండు మంది పిల్లలు, ఒక్క టీచరు, ఒక ఇనప గంట. జనవరిలో ఆవిడ బస్సు దిగుతుంటే రెండో కాలు నేలకి ఆనకముందే కండక్టరు ‘రైట్ రైట్’ అన్నాడు. ఎముకల డాక్టరు ప్లేటు వేసి ఆరు స్క్రూలు బిగించాడు. ఇంకో ఏడాది దాకా బస్సు మెట్టు ఎక్కొద్దన్నాడు. ఆటో అసలే వద్దన్నాడు. ఆ రోడ్డు మీద ఆయనకి బోలెడంత మంది పేషెంట్లు ఉన్నారు.

సెలవులన్నీ అయిపోయాయి. జూన్ పన్నెండున, బడి తెరిచే రోజున టీచరు హాజరు కాకపోతే ఆ బడికి తాళం వేసి, పిల్లల్ని ఆరు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. ఆరు కిలోమీటర్లు నడిచి చదువుకునేవాళ్లు ఆ పదకొండు మందిలో ముగ్గురు కూడా తేలరు. మిగతావాళ్లు రొయ్యల చెరువుల దగ్గర పనికి పోతారు. ఆ సంగతి కాగితం రాసినవాళ్లకి తెలియదు, హైమవతికి తెలుసు.

నాది పెళ్లి శుభలేఖలు అచ్చేసుకునే చిన్న ప్రెస్సు. కొత్త కారు నా తాహతుకి మించిన మాట. రిటైరైన పశువుల డాక్టరు కాశీరాజు గారు తన పద్దెనిమిదేళ్ల కారు అమ్ముతానంటే కొన్నాను. మంచి మనిషి, టాంకు నిండా పెట్రోలు పోయించి మరీ ఇచ్చారు. తాళాలు చేతిలో పెడుతూ ఒక్క ముక్క చెప్పారు.

"పాత బండి పాడిగేదె లాంటిదండీ. రోజూ పితకాలి. వారం రోజులు వదిలేసేరనుకోండి, ఎండిపోద్ది. రోజూ పొద్దున్నే ఓ నాలుగు కిలోమీటర్లు తిప్పండి. నీళ్లూ ఆయిలూ చూసుకోండి. మూడో గేరు దగ్గర కాస్త బతిమాలాలి. అంతేనండి, ఇంకేం లేదు."

అంతే అయితే దేశానికి ఆఫీసులెందుకు?

కారు నా పేరు మీదికి మారాలంటే ‘వయోధిక వాహన సంక్షేమ విభాగం’ నుంచి కాగితం కావాలన్నారు. ఆ విభాగం పెట్టి ఏడాదైంది. గోడ మీద అడుగెత్తు అక్షరాలతో ‘సలహాయే ఇంధనం’ అని రాసి ఉంది. లోపల సంరక్షణాధికారి కోదండపాణి గారు కూర్చుని ఉన్నారు. కడిగిన చొక్కా, కళ్లద్దాలు, ఎదురుగా దిండంత రిజిస్టరు.

"ఏమి తెచ్చితిరి?"

"పాత కారండి."

ఆయన కలం మూత పెట్టేశారు. "ఆ పదము ఈ ఆవరణలో నిషిద్ధము. వయోధిక వాహనము అనవలెను."

అన్నాను. ఆయన మూత తీశారు.

"నూతన యజమానులు తగిన సలహాలు లేక వయోధిక వాహనములను పాడుచేయుచున్నట్లు విభాగము దృష్టికి వచ్చినది. కావున తమరు నలభై ఒక్క సంరక్షణ సలహాలను, పనిదినమునకు ఒకటి చొప్పున, వాహన సమక్షమున, సంతకముతో స్వీకరించవలెను. అంతవరకు సదరు వాహనము మా ప్రాంగణములో, మా సంరక్షణలో ఉండును."

"అన్నీ ఒక్కసారి చెప్పేస్తే వినేసి పోతాను కదండీ."

"గతములో అటులనే చెప్పెడివారము. జనము మరచుచున్నారు. మందు సీసాడు ఒక్క గుక్కలో తాగుదురా?"

తాగరు. నేను వేళ్ల మీద లెక్కేసుకున్నాను. ఆదివారాలు, రెండో శనివారాలు, పండగలు తీసేస్తే జూన్ తొమ్మిదికి నలభై ఒకటీ పూర్తవుతాయి. పన్నెండుకి ఇంకా మూడు రోజులుంటాయి. పోనీలే, ఈ లోపు ఆవిడ కాలు కూడా గట్టిపడుతుంది కదా అనుకుని తాళాలు అప్పగించాను. తెలివైనవాడు చేసే పని కాదని ఇప్పుడు తెలుస్తోంది.

మర్నాడు పదకొండు గంటలకి మొదటి సలహా. మండుటెండలో నేనూ కారూ పక్కపక్కన నిలబడ్డాం. కోదండపాణి గారు గొడుగు కింద నిలబడి, గొంతు సవరించుకుని చదివారు.

"సలహా ఒకటి. వయోధిక వాహనమును ఏడు రోజులకు మించి కదల్చకుండ నిలిపి ఉంచరాదు. అటుల నిలిపినచో బ్యాటరీ నిర్వీర్యమగును, టైర్లు చదునగును, ఎలుకలు వైర్లు కొరుకును. సంతకము చేయుడు."

నేను సంతకం పెట్టి, కలం తిరిగి ఇవ్వకుండా అడిగాను. "అయ్యా, మరి నా కారు ఇక్కడ రెండు నెలలు కదలకుండా ఉంటుంది కదండీ?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "స్వీకరణ వేరు, ఆచరణ వేరు. మా విభాగము స్వీకరణ వరకే."

ఆ ప్రాంగణంలో అప్పటికి అరవై మూడు కార్లు సలహాలు స్వీకరిస్తున్నాయి. సలహాలు ముప్పై దాటిన కార్లకి టైర్లు పూర్తిగా నేలకి అతుక్కుపోయాయి. ఒకదాని మీద దొండపాదు పాకింది, మంచి కాపు మీద ఉంది. దాని యజమాని ముప్పై ఎనిమిదో సలహా దగ్గర గుండెపోటుతో పోయాడట. కారు కొడుకు పేరు మీదికి వచ్చింది. కొడుకు నూతన యజమాని కాబట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలు.

"ఆ దొండకాయలు ఎవరికండీ?" అని అడిగాను వాచ్‌మన్ పోలయ్యని.

"లెక్క రాసుకోడానికి ఆఫీసరుగారికీ, కూర వండుకోడానికి మాకూనండి" అన్నాడు పోలయ్య. యాభై దాటినవాడు, ఒకప్పుడు లారీ తోలాడు. గేటు పక్కన గది. గదిలో గోడకి మేకులు, మేకులకి అరవై నాలుగు తాళాలు. నా తాళం చివరి మేకుకి తగిలించాడు.

నాకు కడుపు మండిపోయి అంతా వెళ్లగక్కాను. "చూడవయ్యా, డాక్టరు కాశీరాజు గారు ఏం చెప్పారు, వీళ్లు ఏం చేస్తున్నారు! పాత బండి పాడిగేదె లాంటిది, రోజూ పితకాలన్నారు ఆయన. నాలుగు కిలోమీటర్లయినా తిప్పాలిట. వీళ్లు కట్టుకొయ్యకి కట్టేసి మంత్రాలు చదువుతున్నారు."

పోలయ్య నోట్లోంచి చుట్ట తీశాడు. "ఏటి, గేదిల డాక్టరుగారి కారా ఇది? మా గేదికి దూడ అడ్డం తిరిగితే సెయ్యెట్టి లాగింది ఆయనేనండి బాబూ. ఆయన సెప్పేరంటే ఇంక తిరుగులేదండి." కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద రెండుసార్లు తట్టాడు.

రోజులు గడిచాయి. ఏడో సలహా: బ్యాటరీ మొనల మీద తెల్లపొడి చేరనీయరాదు. పన్నెండు: ఇంజను ఆయిలు రంగు చూడవలెను, వాసన చూడవలెను, రుచి చూడరాదు. పదిహేను: టైరు అరిగినదా అని కాదు, ఎన్నేళ్లదని అడుగవలెను. పందొమ్మిది: రబ్బరు గొట్టములు నొక్కి చూడవలెను. నేను నొక్కి చూడబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. నొక్కడం ఆచరణ కిందికి వస్తుందట.

నిజం చెప్పొద్దూ, సలహాలన్నీ మంచివే. ఒక్కటీ తీసిపారెయ్యడానికి లేదు. అదే నా బాధ.

ఇంట్లో హైమవతి చేతికర్రతో హాల్లో అటూ ఇటూ నడక ప్రాక్టీసు చేసేది. ఒకరోజు నేను వెళ్లేసరికి ఫోను పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

"ఎవరు?"

"మా బడిలో మంగ వాళ్ల నాన్న. పిల్లని చెరువు కాడ పనికి కుదిర్చెయ్యమంటారా, ఆగమంటారా అని అడుగుతున్నాడు. ఎవరో అడ్వాన్సు ఇస్తున్నారట."

"ఏమన్నావు?"

"పన్నెండో తారీకు దాకా ఆగమన్నాను. మాట ఇచ్చేశానండీ. మీ కారు వస్తుందిగా?"

"వస్తుంది. ఇంకా పదహారు సలహాలే ఉన్నాయి" అన్నాను. 

ఆ మర్నాడే ఆవిడ కాలు వాచింది. ఎక్స్‌రేకి తీసుకెళ్లాను. స్క్రూలన్నీ సరిగ్గానే ఉన్నాయి, నడక కాస్త తగ్గించమన్నారు. గండం గడిచిందని కొబ్బరికాయ కొట్టి, ఆ పై రోజు ఆఫీసుకి వెళితే కోదండపాణి గారు రిజిస్టరులో నా పేరు మీద ఎర్రగీత గీసి ఉంచారు.

"ఇరవై ఆరవ సలహాకు తమరు గైరుహాజరు. మధ్యలో విరామము వచ్చినచో సలహాల ధార తెగును. నిబంధన ఆరు. తిరిగి ఒకటి నుండి ప్రారంభింపవలెను."

"అయ్యా! ఒక్కరోజు! ఆవిడకి ఎక్స్‌రే! కావాలంటే ఫిలిం తెచ్చి చూపిస్తాను."

"ఫిలిము వాహనమునకు తీసినదా?"

"మా ఆవిడకి తీసింది."

"మా విభాగ పరిధిలోనికి రాదు."

నేను నోటికొచ్చినట్టు అరిచాను. బుద్ధుందా అన్నాను, పిల్లల ఉసురు తగులుతుందన్నాను. ఏవేవో అన్నాను, అచ్చు వెయ్యడానికి పనికిరావు. ఆయన అంతా ఓపిగ్గా విని, సలహా ఒకటి చదివారు. ఏడు రోజులకు మించి కదల్చకుండ నిలిపి ఉంచరాదు. నేను సంతకం పెట్టాను. ఈ లెక్కన జూలై మధ్యకి కానీ నా కారు నాకు రాదు.

నేను పోతుంటే ఆయన వెనక్కి పిలిచారు. కాస్త గొంతు తగ్గించి, "నిబంధన పదకొండు చదివితిరా?" అన్నారు. "ప్రాంగణములోని వాహనము ఏదైనను రాష్ట్ర బృందము తనిఖీ చేయునప్పుడు తాళము తిప్పిన తక్షణమే స్టార్టు అయినచో, దానిని ఆదర్శ వాహనముగా ప్రకటించి, మిగిలిన సలహాలను మినహాయింతురు. తనిఖీ జూన్ పదకొండున."

"ఇంతవరకు ఏదైనా స్టార్టయిందాండీ?"

"ఏటా ఒకసారి మాత్రమే తనిఖీ. ఇదియే మొదటిది" అన్నారాయన. దొండపాదు వైపు ఓరగా చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

జూన్ పదకొండు వచ్చింది. షామియానా వేశారు. రాష్ట్ర పర్యవేక్షకులు ముగ్గురు వచ్చారు, వాళ్లలో పెద్దాయన మెడలో చామంతి దండ. హైమవతి కూడా వస్తానంది. వద్దన్నా వినలేదు. రిక్షాలో తీసుకొచ్చి, గేటు పక్కన పోలయ్య కుర్చీలో కూర్చోబెట్టాను. ఒళ్లో హ్యాండ్‌బ్యాగు, బ్యాగులో బడి తాళంచెవి.

మొదటి కారు తాళం తిప్పారు. టిక్కు అంది. రెండోది టిక్కు కూడా అనలేదు. మూడోదాని బానెట్టు ఎత్తితే ఎలుక పిల్లల్ని పెట్టింది, మళ్లీ మెల్లిగా దించేశారు. నాలుగోదాని తలుపు ఊడి పర్యవేక్షకుడి చేతికొచ్చింది. ఇలా అరవై మూడు. పెద్దాయన దండ తీసి పక్కన పెట్టేశాడు. కోదండపాణి గారి కడిగిన చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది.

అరవై నాలుగోది మాది. తాళం తిప్పారు.

బుర్రుమని లేచింది! నా ప్రాణం దాంతోపాటే లేచివచ్చింది. హైమవతి కర్ర వదిలేసి లేచి నిలబడింది. బృందం చప్పట్లు కొట్టింది. పెద్దాయన దండ మళ్లీ వేసుకున్నాడు.

"అద్భుతము!" అన్నాడాయన. "కేవలము సలహాలతో, కదల్చకుండ, యాభై ఎనిమిది రోజులు! కోదండపాణీ, ఇది మన విభాగమునకే గర్వకారణము."

చిన్న పర్యవేక్షకుడు కుర్రతనం కొద్దీ మీటరు చూశాడు. రిజిస్టరు చూశాడు. మళ్లీ మీటరు చూశాడు. "సార్, లోపలికి వచ్చినప్పటి కంటె రెండు వందల ఇరవై ఆరు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోంది సార్."

డిక్కీ తీయించారు. డిక్కీ నిండా పచ్చగడ్డి పరకలు.

నేను పోలయ్య వైపు చూశాను. పోలయ్య మొహం పాలిపోయింది. అప్పుడు నాకు అర్థమైంది. రోజూ తెల్లారగట్ల నా కారు తీసి, గేదెలకి గడ్డి కోసుకురావడానికి వెళ్లొస్తున్నాడు. పోను రెండు, రాను రెండు. పశువుల డాక్టరు చెప్పిన ఒక్క సలహా, నోటిమాటగా, సంతకం లేకుండా వెళ్లి వాడి చెవిన పడింది. వాడొక్కడే ఆచరించాడు. ఇప్పుడు వాడి ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నా మాట వల్లే పోతుంది.

"అయ్యా, ఆ మాట పోలయ్యకి చెప్పింది నేనే..." అని నోరు తెరిచాను. కోదండపాణి గారు నన్ను చేత్తో ఆపారు. ఆయన పరిస్థితి ఆలోచించండి. కారు ఎవరో తోలారంటే సంరక్షణలో లోపం, తప్పు ఆయనది. కారు ఎవరూ తోలలేదంటే స్టార్టవడం ఆయన గొప్ప. పావు నిమిషంలో తేల్చుకున్నారు.

"అయ్యా, తాళము మేకునకు ఉన్నది. గేటునకు తాళము ఉన్నది. వాచ్‌మన్ విధిలో ఉన్నాడు. కావున వాహనమును ఎవరును నడపలేదు. నడపకుండగనే నడిచినది కనుక, సలహాల ప్రభావమున స్వయముగా నడిచినదని భావింపవలసియున్నది."

పెద్దాయన గోడ మీద అక్షరాలు చూశాడు. సలహాయే ఇంధనం. "అక్షరసత్యము" అన్నాడు.

"మరి గడ్డి సార్?" అన్నాడు కుర్రవాడు.

"పర్యావరణ హితము" అన్నారు కోదండపాణి గారు.

రాసుకున్నారు. నా చేతిలో ఆదర్శ వాహన ధ్రువపత్రం పెట్టి ఫోటో తీశారు. నేను తాళం కోసం చెయ్యి చాపాను. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఇట్టి ఆదర్శ వాహనమును ప్రజలందరు చూడవలెను. కనుక ఇది శాశ్వతముగా ఈ ప్రాంగణమునందే ప్రదర్శనలో ఉండును. యజమాని తమరే. తమ అదృష్టమునకు అభినందనలు."

వాళ్ల జీపు వెళ్లిపోయింది. జీపు అంటే, నలుగురు తోస్తే వెళ్లింది. నేను ధ్రువపత్రం పట్టుకుని నిలబడ్డాను. హైమవతి మళ్లీ కుర్చీలో కూర్చుంది. బ్యాగులోంచి బడి తాళంచెవి తీసి చేతిలో పట్టుకుని దాని వంకే చూస్తోంది. మంగ వాళ్ల నాన్నకి ఏం చెప్పాలో ఆలోచిస్తోందని నాకు తెలుసు. మా పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో నేను ఇంత చేతకానివాడిగా ఎప్పుడూ నిలబడలేదు.

పోలయ్య గదిలోకి వెళ్లి వచ్చాడు. ముందు హైమవతికి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, తమరి బడి కాలవగట్టు సివర కదండీ. ఆ గట్టు మీద గడ్డి మా బాగుంటదండి."

"అయితే?" అంది హైమవతి.

"ఈ ఆఫీసు పదిన్నరకండి. ఆఫీసర్లు పదకొండుకండి. సాయంత్రం అయిదింటికి ఎవురూ ఉండరండి. ఎలాగూ రోజూ దానంతటదే తిరుగుతాదని కాయితం మీద రాసేసేరు. అది ఎంత దూరం తిరగాలో రాయలేదు కదండీ."

హైమవతి ఆ పూట మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

జూన్ పన్నెండున బడి గంట మోగింది. పదకొండు మందీ వచ్చారు, మంగతో సహా. నేను చేసేదల్లా ఆదివారం ఆదివారం పోలయ్య చేతిలో పెట్రోలు డబ్బులు పెట్టడమే. ప్రాంగణం చూడ్డానికి వచ్చినవాళ్లకి పదకొండు నుంచి అయిదు దాకా కారు అక్కడే కనిపిస్తుంది. రోజూ పొద్దున మీటరు చూసి రిజిస్టరులో ఎక్కిస్తారు: స్వయం చలనము, ఎనభై ఎనిమిది కిలోమీటర్లు.

నాలుగు నెలలు పోయాక విభాగం నుంచి నాకు నోటీసు వచ్చింది. ఆదర్శ వాహనం చలనాన్ని నిపుణులు పరిశోధించారట. అది ఆదివారాల్లోనూ, రెండో శనివారాల్లోనూ, దసరా సెలవుల్లోనూ బొత్తిగా కదలడం లేదట. కాబట్టి కొత్త సలహా చేర్చారు. వచ్చి స్వీకరించాలి.

వెళ్లాను. నేనూ కారూ మళ్లీ పక్కపక్కన నిలబడ్డాం. కోదండపాణి గారు గొడుగు కింద చదివారు.

"సలహా నలభై రెండు. వయోధిక వాహనమునకు ఆదివారములందును, ప్రభుత్వ సెలవు దినములందును తప్పక విశ్రాంతి నొసగవలెను. సంతకము చేయుడు."

చేశాను. "స్వీకరణ వేరు, ఆచరణ వేరు కదండీ" అన్నాను ఉండబట్టలేక.

ఆయన గొడుగు ముడిచారు. కారు వెనక తలుపు తీసి లోపలికి వంగారు. సీటు మీద ఇంత సుద్దపొడి, మధ్యలో సగం అరిగిన సుద్దముక్క. నా గుండె ఆగింది. గేటు దగ్గర పోలయ్య చుట్ట ఆగింది. ఆయన ఆ ముక్క తీసి, అటూ ఇటూ చూసి, నా చొక్కా జేబులో వేశారు. జేబురుమాలుతో సీటు తుడిచారు.

"పోలయ్యతో చెప్పండి, రోజూ సీటు దులపమని" అన్నారు మామూలు తెలుగులో. "ఇది సలహా కాదండీ. సంతకం అక్కర్లేదు."